వంటింటి గోడ మీద గీత

నా మాట ఎవరూ వినిపించుకోరన్నది మా వీధిలో కొత్త సంగతి కాదు. కాలవ నీళ్ల గురించి ఒక పత్రికకు ఏడు ఉత్తరాలు రాశాను. ఒక్కటీ వేయలేదు, వేయలేమని కూడా చెప్పలేదు. గుడివాడలో మా పినతండ్రి కొడుకు పెళ్లిలో గుమ్మడికాయ పులుసు వడ్డిస్తూ నా విస్తరి ఒక్కటీ దాటి వెళ్లిపోయినవాడి మొహం పదిహేనేళ్లయినా నాకు గుర్తే. ఇవన్నీ పాతవి, పోనివ్వండి. ఇప్పుడు ఎనిమిది రోజులుగా నా ఇంట్లో నేను, నా భార్య సుభద్రను ఒకే ఒక ప్రశ్న అడుగుతున్నాను. ఆవిడ జవాబు చెప్పడం లేదు. కూర ఏం వండమంటారని నన్నే తిరిగి అడుగుతోంది.

అసలే అలా ఉంటే, ఈ ఉదయం పక్కింటివాళ్లు వంటిల్లు తిరగగట్టించడం మొదలుపెట్టారు. నన్నొక్క మాట అడగలేదు. ఈ బందరులో వంటిల్లు కట్టించడంలోని కష్టసుఖాలు నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? అరుగు మీద కూర్చుని వాళ్లు వచ్చి అడుగుతారేమోనని ఎదురుచూస్తున్నాను. ఇంతలో గోడ అవతల తొట్టెలో గుల్లసున్నం తడిపారు. బుస్సుమని పొంగిన చప్పుడు, ఆ వెంటనే వెచ్చటి ఆవిరి, ఉడికిన సముద్రపు గుల్లల వాసన. ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు నాంచారయ్య మేస్త్రి గుర్తొచ్చాడు. ఆయన కూడా నేనడిగినవాటికి జవాబు చెప్పకుండానే పోయాడు. అయినా నాకు ఒక పని నేర్పింది ఆయనే. ఆయన్ని చూడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఆంధ్రరాష్ట్రం వచ్చిన మరుసటేటి మాట. నేను కాలవల ఆఫీసులో నక్షాలు గీసేవాణ్ణి. తూములు, లాకులు, గట్లు నా చేతిమీదుగా కాగితమ్మీదికి వచ్చేవి. ఇంట్లో అమ్మ, సుభద్ర, నేను. పెంకుటిల్లు. వెనకవైపున వంటిల్లు. బందరులో సరుగుడు కట్టెకు కొదవలేదు కాని, సముద్రపు గాలికి అది ఏడాది పొడుగునా చెమ్మగానే ఉంటుంది. మండదు, పొగలు చిమ్ముతుంది. నేలమీది మట్టిపొయ్యిల పొగ గోడలెక్కి, అటక మీది ఇత్తడి గుండిగలను ఇనప గుండిగలుగా మార్చి, మెల్లగా పెంకుల సందుల్లోంచి బయటపడేది. సుభద్ర వంట ముగించి బయటికి వస్తే, పుట్టింటివాళ్లు ఎవరో పోయారని కబురొచ్చినట్టుండేది. మొదట్లో పొయ్యి ఊదడం చేతకాక అలా ఏడుస్తోందనుకున్నాను. నాలుగేళ్లయ్యాక కళ్లు ఎర్రగానే ఉండిపోయాయి, పొద్దున లేవగానే రెప్పలు అంటుకుపోయేవి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన రెప్పలు తిప్పి చూసి నావైపు తిరిగాడు.

"ఈవిడ వయసెంత?"

"ఇరవయ్యెనిమిది."

"ఈ పొగలో ఇలాగే ఉంటే నలభై నిండేసరికి మిమ్మల్ని గొంతుని బట్టి గుర్తుపట్టాల్సి వస్తుంది. మందులు నేనిస్తాను. పొయ్యి సంగతి మీరు చూసుకోండి."

పొయ్యి సంగతి చూసుకోవడమంటే మా ఇంట్లో అమ్మతో మాట్లాడటం. మా అమ్మది నిప్పులు కడిగే మడి. ఆవిడ తడిబట్ట ఆరేసి కట్టుకున్న క్షణం నుంచి వంటిల్లు ఒక దేశం. గడప దాని సరిహద్దు. అన్నం తినేది గడపకు ఇవతల, అడిగేది గడపకు ఇవతల, అలిగేదీ గడపకు ఇవతలే. ముప్ఫయ్యేళ్లు ఆ ఇంట్లో పెరిగిన నేను వంటింట్లో నాలుగోవైపు గోడ ఎలా ఉంటుందో చూడలేదంటే నమ్మండి. పొగగొట్టం పెట్టి, ఎత్తుగా గట్టు కట్టి, నిలబడి వండుకునేలా చేయిద్దామన్నాను. అలాంటిది ఒక దొరగారి పాత బంగళాలో చూశాను. అమ్మ ఒప్పుకోలేదు. ఆగ్నేయంలో పొయ్యి కదిపితే అరిష్టమంది. పొగలేకపోతే వాసాలకు చెద పడుతుందంది. మీ తాతగారు ఈ పొయ్యి మీది అన్నం తినే ఎనభై ఏళ్లు బతికారంది. నేను ఆవిడ అభ్యంతరాలన్నిటికీ వరసగా సమాధానాలు కాగితమ్మీద రాసుకుని, గడప దగ్గర నిలబడి, పద్నాలుగు అంశాలూ చదివాను. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ అంతా విన్నది.

"అయిందా?" అంది.

"అయింది. ఇప్పుడేమంటావు?"

"అయితే పొయ్యి కదపడం లేదుగా?"

చివరికి నా పద్నాలుగు అంశాలకు కాదు, డాక్టరు చెప్పిన ఒక్క ముక్కకు లొంగింది. ఆ ముక్క నేను చెప్పలేదు, సుభద్ర చెప్పింది.  తర్వాత అమ్మ నన్ను పిలిచి, "ఒరేయ్ శంకరం, కట్టించు. దాని కళ్లు దానికి ఉండాలి. కాని నా జాడీలు మాత్రం కదిపితే ఊరుకోను" అంది. జాడీలంటే పడమటి గోడవారన బల్లమీద వరసగా ఉండే ఊరగాయ జాడీలు, ఉప్పు జాడీ, చింతపండు కుండ. అవి కదపకుండా వంటిల్లు ఎలా కడతారో నాకు తెలియలేదు. మడి పిచ్చి అనుకుని ఊరుకున్నాను.

నక్షా గీయాలంటే కొలతలు కావాలి. నేను లోపలికి వెళ్లకూడదు. అందుకని ఆఫీసునుంచి కొలతదారం తెచ్చి, ఒక కొస నేను గడప దగ్గర పట్టుకుని, రెండో కొస అమ్మమీదికి విసిరాను. ఆవిడ పామును చూసినట్టు వెనక్కి జరిగింది.

"నూలుదారమా?"

"దారం దారమేగా అమ్మా."

"నువ్వు ముట్టుకున్న నూలు నేను ముట్టుకోను. పట్టుదారమైతే తే."

పట్టుకు మైల లేదు కాబట్టి, నా పెళ్లినాటి పట్టుపంచె అంచు విప్పి, పోగులు పేని, జానకొక ముడి వేసి, దానితో కొలిచాను. కాలవల ఆఫీసులో ఎంతటి లాకునైనా అంగుళం తేడా లేకుండా గీసినవాణ్ణి, నా సొంత వంటింటిని పెళ్లిపంచెతో కొలిచాను. "గోడ దాకా లాగావా అమ్మా?" అని మూడుసార్లు అడిగాను. "లాగాను, ఇదిగో ఆనించాను" అని మూడుసార్లూ చెప్పింది. నేను ముడులు లెక్కపెట్టుకున్నాను.

మూడు వారాలు, ఆఫీసునుంచి రాగానే దీపం ముందు పెట్టుకుని గీశాను. నాలుగు రంగుల సిరా. ఉత్తరదిక్కు చూపించే బాణానికే రెండు సాయంత్రాలు పట్టింది. పొగగొట్టం వాలు, గట్టు ఎత్తు, కిటికీ అన్నీ ఉన్నాయి. కింద నా సంతకం. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లలో ఒక్కరూ చూస్తానని అడగలేదు. సుభద్ర ఒకసారి దీపంలో నూనె పోయడానికి వచ్చి, "ఎర్రసిరా బాగుందండీ" అని వెళ్లింది.

నాంచారయ్యది దివిసీమ, నాగాయలంక అవతల ఒక పల్లె. బందరులో పని ఉన్నప్పుడు ఇక్కడే ఉండి, వారానికోసారి ఏరు దాటి ఇంటికి వెళ్లివచ్చేవాడు. యాభై దాటిన మనిషి. సన్నగా, నల్లగా, సున్నం తిన్న వేళ్లతో ఉండేవాడు. సున్నం పని ఆయన చేస్తే అద్దంలా మొహం చూసుకోవచ్చని చెప్పుకునేవారు. మాట మాత్రం చాలా పొదుపు. నేను నక్షా విప్పి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని గోడకు ఆనించి, రెండడుగులు వెనక్కి వేసి, పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చూశాడు.

"బాగుందండి బాబుగారూ. ముగ్గేసినట్టుంది" అన్నాడు.

ముగ్గు! మూడు వారాల పనిని ముగ్గన్నవాణ్ణి ఈ పన్నెండేళ్లలో నేను పూర్తిగా క్షమించలేదు. అయినా నిబ్బరించుకుని, "అర్థమైందా?" అన్నాను.

"ఇందులో వండేది ఎవరండి?"

"మా అమ్మ, మా ఆవిడ."

"మరి ఇక్కడ నిలబడ్డదెవరండి?"

ఎత్తు తెలియడానికి గట్టు పక్కన ఒక మనిషి బొమ్మ వేశాను. ఆ మనిషికి పంచె, మీసం ఉన్నాయి.

"అది కొలత కోసం. నేనే."

"తమరు వండుతారాండి?"

"నేనెందుకు వండుతాను?"

"అదేనండి" అన్నాడు నాంచారయ్య. నక్షాను జాగ్రత్తగా చుట్టి నాకే ఇచ్చేశాడు. తలుపు చాటునుంచి నవ్వు వినిపించింది. సుభద్ర నవ్వు నాకు తెలుసు. తరువాత మేస్త్రి ఆవిణ్ణి పిలిచి, గోడ పక్కన నిలబెట్టి, నా నక్షాలోని మూడడుగుల గట్టు ఎత్తున బొగ్గుతో ఒక గుర్తు పెట్టాడు. దానిమీద పొయ్యి, పొయ్యిమీద గిన్నె పెడితే మా పొట్టి సుభద్ర గడ్డం దగ్గరికి వచ్చింది. "అమ్మగారు ఉట్టి కొట్టినట్టు వండాలండి" అన్నాడు, నా వైపు చూడకుండానే.

మర్నాడు పని మొదలుపెడతాడనుకున్నాను. పెట్టలేదు. పెరటి గుమ్మం బయట, మడికి అడ్డం రానంత దూరంలో, గొంతుక్కూర్చుని వంటింటి లోపలికి చూస్తూ గడిపాడు. రెండోరోజూ అంతే. మూడోరోజు ఒక తాటి ఈనె తెచ్చుకుని దానికి గోటితో గాట్లు పెట్టుకున్నాడు. తాపీ సంచిలోంచి బయటికి రాలేదు. నేను ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఎక్కడున్నాడో వచ్చేటప్పటికీ అక్కడే.

"మేస్త్రీ, మూడు రోజులైంది. ఏం చేస్తున్నావు?"

"చూత్తన్నానండి."

"చూడ్డానికి ఏముంది? అంతా నక్షాలో ఉంది కదా."

దీనికి ఆయన జవాబు చెప్పలేదు. ఇది ఆయన నాకు బాకీపడ్డ మొదటి జవాబు. ఆ సాయంత్రం సుభద్రను నిలదీశాను. తనని ఏవో అడిగాడట. గంజి వార్చేటప్పుడు ఏ చెయ్యి ముందుకు వస్తుంది, పొగ కమ్మినప్పుడు మొహం ఎటు తిప్పుకుంటుంది, మసిగుడ్డ ఎక్కడ వేలాడితే చేతికి అందుతుంది, ఇలాంటివి. చెబుతుంటే ఆవిడ మొహం వెలిగిపోయింది.

"పదేళ్ల కాపురంలో ఇవన్నీ నన్నెవరూ అడగలేదండీ."

"నన్ను మాత్రం ఎవరడిగారు?" అన్నాను.

నాలుగోరోజు మంచిదని అమ్మ పంచాంగం చూపించి ఖాయం చేయించింది. పెరటి వసారాలో మూడు ఇటుకల పొయ్యి పెట్టి, పాలు పొంగించి, పాత పొయ్యి మట్టి ఒక ముద్ద తీసి కొత్తదానిలో కలపాలని పక్కన పెట్టించింది. వంటిల్లు మడినుంచి విడుదలైంది. జీవితంలో మొదటిసారి నేను గడప దాటాను. పొగకు మసిబారిన నాలుగో గోడను కూడా చూశాను. చూడదగ్గది ఏమీ లేదు. ఆఫీసుకు సెలవు పెట్టి, నక్షా పరిచి, దాని ప్రకారమే నేలమీద గుర్తులు వేయాలని పట్టుబట్టాను. నాంచారయ్య ఎదురు చెప్పలేదు. దారం కట్టి, ముగ్గుపిండితో గీత వేసుకుంటూ తూర్పునుంచి పడమటికి వెళ్లాడు. వెళ్లి, జాడీల బల్లకు ఇవతల ఆగిపోయాడు.

"బాబుగారూ, మీ కాయితంలో గోడ ఇక్కడుందండి" అని గీత చివర చూపించాడు. తరువాత బల్ల అవతలికి వంగి గోడమీద చెయ్యి వేశాడు. "ఇంట్లో గోడ ఇక్కడుంది. దేనికి కట్టమంటారు?"

అడుగున్నర తేడా. లాకులు గీసే నేను నా ఇంట్లో అడుగున్నర పోగొట్టాను. సుభద్ర ఉంది, పెరటి గోడమీంచి తొంగిచూస్తున్న పక్కింటామె ఉంది, మేస్త్రి ఉన్నాడు. వాళ్లెవరూ నవ్వలేదు, నవ్వినా బాగుండేది. ఏం జరిగిందో నాకు వెంటనే అర్థమైంది. అమ్మ దారం కొసను గోడకు ఆనించలేదు. జాడీకి ఆనించింది. జాడీలు కదపడం ఇష్టంలేక, మొండితనంతో, మూడుసార్లు అడిగినా గోడ అని చెప్పింది. వసారాలోకి వెళ్లాను. అమ్మ ఇటుకల పొయ్యి దగ్గర కూర్చుని ఉంది.

"గోడ అంటే జాడీ పట్టుకున్నావా? నలుగురిలో నా పరువు తీశావు. కళ్లెక్కడ పెట్టుకున్నావమ్మా?"

అమ్మ తలెత్తింది. నావైపు కాదు, నాకు కొంచెం పక్కకు చూసింది.

"ఉన్నచోటనే ఉన్నాయిరా" అంది.

నేను ఇంకా ఏదో అనబోతుంటే నాంచారయ్య వచ్చి, "బాబుగారూ, నూతి దగ్గర సున్నానికి నీళ్లు చూడాలి, ఒక్కసారి రండి" అన్నాడు. నీళ్లు చూడటానికి నేనెందుకో తెలియక వెళ్లాను. ఆయన నూతి గట్టుమీద కూర్చుని చుట్ట తీశాడు, ముట్టించలేదు.

"పెద్దమ్మగారు గుమ్మంనుంచి ఉప్పు జాడీ దాకా నాలుగడుగులు వేత్తారండి. మొదటిరోజు నాలుగు. రెండోరోజూ నాలుగే. గోడమీద చెయ్యుంటది. కళ్లు కనిపించేవాళ్లు అడుగులు లెక్కెట్టుకోరండి."

నేనూ గట్టుమీద కూర్చున్నాను.

"నిన్న చిన్నమ్మగారు నీళ్లబిందె జానెడు ఇవతలగా పెట్టారు. పెద్దమ్మగారి కాలు తగిలింది. చిన్నమ్మగారు గబుక్కున వచ్చి బిందె పాతచోటుకి జరిపి, పెద్దమ్మగారి తప్పు కాదన్నట్టు తన్నే తిట్టుకున్నారు. ఈ ఇంట్లో ఏ గిన్నే కదలదండి. అందుకే ఆవిడ తిరగ్గలుగుతున్నారు." చుట్ట మళ్లీ మొలలో దోపుకుని, "దారం జాడీకి ఆనిందంటే, ఆవిడకి అదే గోడండి" అన్నాడు.

నలభై ఏళ్ల పొగ. సుభద్ర కళ్లకు జరగబోయేదని డాక్టరు చెప్పింది మా అమ్మకు ఎప్పుడో జరిగిపోయింది. ఆగ్నేయం, అరిష్టం, వాసాలకు చెద అన్నీ ఒక్కదానికోసం: వంటిల్లు మారితే ఆవిడ దారి తప్పుతుంది. దారి తప్పితే అందరికీ తెలిసిపోతుంది. తెలిస్తే ఆ గడప లోపలి దేశం ఆవిడది కాకుండా పోతుంది. అయినా కోడలి కళ్లకోసం కట్టించమంది. నేనేమో కళ్లెక్కడ పెట్టుకున్నావని అడిగాను.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాను. ఆ పనిలో నేను నాంచారయ్యను నిజంగా అడిగిన మొదటి ప్రశ్న అదే. దానికి మాత్రం వెంటనే జవాబు చెప్పాడు.

"పెద్దమ్మగారిని అడుగుదామండి. కళ్ల సంగతి కాదు. చెయ్యి సంగతి."

వెళ్లి వసారా మెట్టు కింద కూర్చుని, "పెద్దమ్మగారూ, మీ చేతికి ఏది ఎక్కడ అందితే మీకు సుఖం? మాకు తెలియదు, మీరు చెబితే అలాగే కడతాం" అన్నాడు. అమ్మ చెప్పింది. గంటసేపు చెప్పింది. నా పద్నాలుగు అంశాలకు పలకని మనిషి, ఉప్పు జాడీకీ చింతపండు కుండకూ మధ్య ఎంత ఎడం ఉండాలో బెత్తలతో చెప్పింది. ఆయన తాటి ఈనెకు గాట్లు పెట్టుకున్నాడు. నేను పక్కన నిలబడి మొదటిసారి అడ్డురాకుండా విన్నాను.

జాడీల బల్ల వేలెడు కూడా కదల్లేదు. సుభద్రకు ఆవిడ నడుము ఎత్తున గట్టు, దానిమీద రెండు పొయ్యిలు. అమ్మకు పాత ఆగ్నేయంలోనే, నేలమీదనే, ఒక పొయ్యి. అన్నిటికీ కలిపి ఒకటే పొగగొట్టం. గోడలకు గుల్లసున్నం పూసేరోజు నాంచారయ్య సుభద్రనూ నన్నూ అందర్నీ బయటికి పంపేశాడు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, పూత ఇంకా పచ్చిగా ఉండగా బొటనవేలితో గుమ్మంనుంచి జాడీల దాకా, అమ్మ చెయ్యి ఆనే ఎత్తున, గోడ పొడుగునా ఒక గాడి లాంటి గీత లాగాడు. తరువాత ఆరాక అమ్మ మడి కట్టుకుని లోపలికి అడుగుపెట్టింది. చెయ్యి గోడకు ఆనించింది. ఆగింది.

"ఇదేవిటి నాంచారయ్యా, గోడకి గీత పడింది?"

"గుల్లసున్నం కదండీ పెద్దమ్మగారూ. ఆరేటప్పుడు అలా ఒక గీత పడుద్ది. ఏం చెయ్యలేమండి."

అమ్మ ఆ గీతలో వేలు పెట్టి, మెల్లగా, జాడీల దాకా వెళ్లింది. లెక్కపెట్టుకుంటూ కాదు. "పోనీలే, ఉండనీ" అంది.

ఆ సాయంత్రం సుభద్రను అడిగాను, ఈ సంగతి నీకు ఎన్నాళ్లుగా తెలుసని. మూడేళ్లుగా తెలుసట. "మరి నాకెందుకు చెప్పలేదు?" అంటే, "మీరు అడగలేదుగా" అంది. ఇంతకంటే అన్యాయమైన జవాబు నేను వినలేదు. దానికి ఎదురు జవాబు కూడా నాకు ఇప్పటిదాకా దొరకలేదు.

తరువాత నా కళ్లద్దాల వంక పెట్టి అమ్మను రైల్లో గుడివాడ తీసుకెళ్లి కంటివైద్యుడికి చూపించాను. "నాకు తోడొచ్చావు కదా, పన్లోపని నువ్వూ చూపించుకో" అన్నాను. "సరే, నీ తృప్తి కోసం" అంది. ఇద్దరం చక్కగా నటించాం. ఇది కోసి తీసేసే శుక్లం కాదు, పొగకు ఉడికిన కళ్లు, ఉన్న కాస్త వెలుగూ మిగిలితే అదే చాలు అన్నాడాయన. తిరుగు రైల్లో అమ్మ, "నీ కళ్లు బాగానే ఉన్నాయన్నారా?" అని అడిగింది. బాగానే ఉన్నాయన్నాను. "మరి ఇంకేం" అంది. నాకు అద్దాలు అవసరం లేదని తేలినా, వంక నిలబెట్టడానికి ఒక జత పెట్టుకోవాల్సొచ్చింది. రెండేళ్లు వాటితో తలనొప్పి పడ్డాను. ఎవరూ అయ్యో అనలేదు.

పని ముగిసి నాంచారయ్య వెళ్లేరోజు నేను రసమట్టం తెచ్చి పొగగొట్టం వాలు కొలిచాను. నా నక్షాలో ఎంత ఉందో సరిగ్గా అంతే. చుట్టుకొలత కూడా అంతే. "మేస్త్రీ, ఇది నా నక్షాలోదేగా?" అన్నాను. "పొగ ఎటు ఎల్లాలో అటే ఎల్తదండి" అన్నాడు. అవునని ఒక్కమాట అంటే ఆయన సొమ్మేం పోయేది? కాని మెట్లు దిగబోయినవాడు వెనక్కి వచ్చి, "ఆ కాయితం నాకిత్తారా బాబుగారూ, మా ఇంట్లో గోడకి పెట్టుకుంటాను" అన్నాడు. ఇచ్చాను. గౌరవంతో పెట్టుకున్నాడో, గోడకి చిల్లుంటే మూయడానికి పెట్టుకున్నాడో తెలియలేదు. కనుక్కుందామని దివిసీమకు రెండు ఉత్తరాలు రాశాను. ఆయనకు చదువు రాదని తరువాత తెలిసింది. నిరుడు ఆయన పోయాడని ఏటి అవతలినుంచి కబురొచ్చింది.

అమ్మ పోయి ఐదేళ్లయింది. చివరిదాకా ఉప్పు తనే తీసింది, ఊరగాయ తనే కలిపింది. ఆ గడప లోపల ఒక్కరోజు కూడా తడబడలేదు. నాకు తెలుసని ఆవిడకు తెలుసో లేదో నాకు తెలియదు. ఎవరు నన్ను ఎప్పుడు ఎంత మాటన్నారో నేను మర్చిపోనని అందరికీ తెలుసు. ఆరోజు వసారాలో నేనన్న మాట కూడా మర్చిపోలేదు. అది వెనక్కి తీసుకుంటానని ఆవిడతో చెప్పలేదు. చెబితే నాకు తెలుసని తెలిసిపోతుంది. చెప్పకపోతే అలా ఉండిపోతుంది. అలాగే ఉండిపోయింది. పట్టుదారం ముడులతో సహా నా సొరుగులోనే ఉంది. ఎవరికైనా ఏదైనా కట్టించేముందు, గీసేముందు, కొనేముందు వాళ్లనే అడగాలని నాంచారయ్య నాకు నేర్పాడు. అప్పటినుంచీ అడుగుతూనే ఉన్నాను. అందరికీ విసుగొచ్చేంతగా అడుగుతున్నాను. సుభద్రకు చెంబు కొనాలన్నా, మూతి ఎంత ఉండాలి, బరువెంత ఉండాలి అని అడుగుతాను. "మీరు అడగని రోజులే నయమండీ" అంటుంది.

కాని ఎనిమిది రోజుల కిందట ఏం జరిగిందంటే, నేను మంచినీళ్లకోసం వంటింటి గడప దగ్గరికి వెళ్లాను. సుభద్ర ఉప్పుకోసం జాడీ దగ్గరికి వెళుతోంది. పట్టపగలు. కిటికీ తెరిచే ఉంది. ఆవిడ కుడిచేతి వేలు గోడమీది గీతలో ఉంది.

"ఎందుకలా నడుస్తున్నావు?" అన్నాను.

"ఎలా నడుస్తున్నాను?"

"గోడ పట్టుకుని."

"అలవాటండీ. అత్తయ్యగారు నడిచేవారు కదా. కూర ఏం వండమంటారు?"

మర్నాడు జాడీమీద సుద్దతో మూడు అక్షరాలు రాసి, గడప దగ్గర నిలబెట్టి, చదవమన్నాను. "మీ రాత కళ్లున్నవాళ్లకీ అర్థం కాదు" అంది. ముత్యాల్లా మళ్లీ రాశాను. చూడకుండానే మసిగుడ్డతో తుడిచేసి, "జాడీలు పాడుచేయకండి" అంది. మొన్న గుడివాడ వెళ్దాం, నా అద్దాలు మార్పించుకోవాలి అన్నాను. "మీకు అద్దాలేవి?" అంది. పొగగొట్టం చక్కగానే లాగుతోంది. అటక మీది ఇత్తడి ఇత్తడిలాగే ఉంది. డాక్టరు చెప్పిన నలభై మాత్రం సుభద్రకు ఈ మాఘంలో నిండింది. అంతకుముందు పదేళ్లు తిన్న పొగ మాటేమిటో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

అందుకని ఇది రాసి, గడప దగ్గర నిలబడి చదువుతున్నాను. ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. సుభద్రా, పన్నెండేళ్ల కిందట అడగలేదన్నావు, ఒప్పుకున్నాను. ఇప్పుడు అడిగాను. ఎనిమిది రోజులుగా అడుగుతున్నాను. నీకు నేను కనిపిస్తున్నానా, లేక నా గొంతు మాత్రమే వినిపిస్తోందా అన్నదొక్కటీ చెప్పు. కూర ఏదైనా ఫరవాలేదు. జవాబు చెప్పేదాకా ఈ గడప కదలను.